పదికి పది వచ్చినా చాలని బడి

విజయవాడ నుంచి ఆగిరిపల్లి మీదుగా వెళ్తుంటే రోడ్డుకి రెండు వైపులా మామిడితోటలు మొదలయ్యాయంటే నూజివీడు దగ్గరపడినట్టే. ఏప్రిల్, మే నెలల్లో ఈ దారిలో కాయల లారీల వెనక నింపాదిగా పోవాల్సిందే. చిన్న రసాలు, బంగినపల్లి, తోతాపురి ఇక్కణ్నుంచి ఎక్కడెక్కడికో వెళ్తాయి. మేకా వారి జమీందారీ, ధర్మ అప్పారావు కాలేజీ, వీణలు చేసే కుటుంబాలు... ఊరికి చెప్పుకోవడానికి చాలానే ఉన్నాయి. కానీ ఏ టెక్కలిలోనో ఏ పాడేరులోనో పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ‘నూజివీడు’ అని చూడండి, మామిడిపండు కూడా గుర్తుకు రాదు. మైలవరం రోడ్డులో ఉన్న ట్రిపుల్ ఐటీ ఒక్కటే గుర్తుకొస్తుంది.

కాగితాల మీద దీని పేరు రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఒకేసారి మూడు ప్రాంగణాలు తెరిచింది. పేరుకి యూనివర్సిటీయే కానీ గేటు లోపలికి అడుగుపెట్టేది పదిహేనేళ్లు నిండీ నిండని పిల్లలు. మొదటి రెండేళ్లు పీయూసీ, అంటే బయటి లెక్కలో ఇంటర్. ఆ తర్వాత నాలుగేళ్లు బీటెక్. మధ్యలో ఎంసెట్ లేదు, జేఈఈ లేదు. పీయూసీ చదివే పిల్లలను పీ వన్, పీ టూ అనీ, ఇంజినీరింగు వాళ్లను ఈ వన్ నుంచి ఈ ఫోర్ వరకూ పిలుచుకుంటారు. ప్లస్‌ టూ వయసు పిల్లల కోసం సైన్సు, టెక్నాలజీ బడులు కొత్త కాదు. ఊరి బడుల్లో చదివిన పిల్లలనే ఏరి, ఒక్కో ప్రాంగణంలో సుమారు రెండు వేల మందిని ఒకేసారి చేర్చుకుని, ఆరేళ్లు అక్కడే ఉంచి చదివించడం మాత్రం కొత్తే.

తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాయన. కంప్యూటర్ శాస్త్రంలో అంతకు మించిన బహుమతి లేదు. పల్లెటూరి పిల్లాడికి పుట్టుకతో ఏ లోటూ ఉండదు, అందనిదల్లా అవకాశమే అన్నది ఆయన జీవితమే చెప్పే సంగతి. చేరిన ప్రతి విద్యార్థి చేతిలోనూ ల్యాప్‌టాప్ పెట్టి, దాని మీదే పాఠం చెప్పాలన్న తొలినాళ్ల పథకంలో ఆయన ముద్ర కనిపిస్తుంది. మంచి అధ్యాపకులు ప్రతి క్లాసుకీ దొరకరు కాబట్టి మంచి పాఠాన్ని ఒకసారి రికార్డు చేసి ప్రాంగణంలోని నెట్‌వర్క్‌లో పెడితే, పిల్లలు తమ వేగంతో తాము చూసుకుంటారు, అనుమానాలు తీర్చడానికి క్లాసులో మెంటర్లు ఉంటారు. ఆలోచన బాగానే ఉంది. 2008లో జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లాడికి ల్యాప్‌టాప్ అంటే, ఊరంతా కలిసి చూడ్డానికి వచ్చే వస్తువు.

ఆ పిల్లాడికి వీడియోలో సార్ చెప్పే ఇంగ్లిషు అర్థం కాలేదు. చిక్కు అక్కడొచ్చింది.

తొలి బ్యాచ్‌లలో చదివి ఇప్పుడు ముప్పైల్లోకి వచ్చినవాళ్లను కదిపితే ముందుగా వచ్చే ముచ్చట ఇదే. పదో తరగతి దాకా ‘త్వరణం’, ‘ద్రవ్యవేగం’, ‘కిరణజన్య సంయోగక్రియ’ అని చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్లు. ఇక్కడికి వచ్చాక వాటికి వేరే పేర్లు. తెలిసిన లెక్కే ఎదురుగా ఉన్నా ప్రశ్న ఏమడిగిందో తెలియక వదిలేసినవాళ్లున్నారు. ఊళ్లో ఎప్పుడూ ఫస్టు వచ్చినవాడికి మొదటి పరీక్షలో పదికి రెండు. పక్కవాడిదీ అదే పరిస్థితని తెలిసేదాకా ఏడుపు ఒక్కటే తక్కువ. కొందరు నిజంగానే ఏడ్చారు, కొందరు దసరా సెలవులకి ఇంటికెళ్లి మళ్లీ రామన్నారు.

దాన్ని దాటించింది ల్యాప్‌టాప్ కాదని నా అభిప్రాయం. రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ గదిలో రెండో క్లాసు నడిచేది. వీడియో పాఠాన్ని ఒకడు ముక్కముక్కగా ఆపుతూ పోతుంటే, ఇంగ్లిషు కాస్త వచ్చినవాడు దాన్ని తెలుగులో చెప్పేవాడు, లెక్కలు బాగా వచ్చినవాడు నోటుబుక్కు మీద చేసి చూపించేవాడు. చెప్పేవాడిది శ్రీకాకుళం తెలుగు, వినేవాడిది కడప తెలుగు. ‘ఏటిరా’ అని ఒకడు, ‘ఏందిబ్బీ’ అని ఇంకొకడు. పై తరగతి అన్నలు, అక్కలు వచ్చాక ఈ పద్ధతి ఇంకా గట్టిపడింది. ఏ చాప్టరు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో వాళ్లకి ముందే తెలుసు కదా. ప్రభుత్వం మంచి పాఠం కోసం సర్వర్లు పెట్టింది, పిల్లలు ఆ పాఠాన్ని మంచాల మీద కూర్చుని ఒకరికొకరు చెప్పుకున్నారు. రెండూ లేకుండా పని జరిగేది కాదేమో గానీ, చదివి వెళ్లినవాళ్ల జ్ఞాపకాల్లో మొదటిది ఒక సామాను, రెండోది మనుషులు.

ఇక్కడ ప్రతి విద్యార్థికీ ఏడు అక్షరాల ఐడీ నంబరు ఉంటుంది. మొదటి అక్షరం ప్రాంగణం పేరు చెబుతుంది: నూజివీడు అయితే ‘ఎన్’, ఆర్కే వ్యాలీ అని పిలిచే ఇడుపులపాయ అయితే ‘ఆర్’, బాసర అయితే ‘బి’. తర్వాతి రెండు అంకెలు చేరిన ఏడాది, మిగతా నాలుగు వరస సంఖ్య. 2016లో శ్రీకాకుళం, ఒంగోలు ప్రాంగణాలు వచ్చాక ‘ఎస్’, ‘ఓ’ చేరాయి. శ్రీకాకుళం పిల్లలు మొదట్లో నూజివీడులోనే చదివారు, అందుకే ‘ఎస్’ నంబరున్నా నూజివీడు జ్ఞాపకాలున్నవాళ్లు కొందరుంటారు. ఈ నంబరు జవాబు పత్రం మీద ఉంటుంది, ఈమెయిల్‌లో ఉంటుంది. ఎవరిదో తేలక గొడవలయ్యే హాస్టల్ బకెట్ మీద నెయిల్ పాలిష్‌తోనూ ఉంటుంది. ఆరేళ్లు దాంతో బతికినవాళ్లు తమ ఆధార్ నంబరు చెప్పమంటే తడుముకుంటారు గానీ దీన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. బయట ఉద్యోగంలో ఇద్దరు కలిస్తే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగకముందే నువ్వు ఏ బ్యాచ్ అని అడుగుతారు. మన దగ్గర ఊరూ పేరూ అడిగారంటే ఆ వెనక ఇంకేదో ఆరా ఉంటుందని మనకి తెలియంది కాదు. అంకెల్లో మాత్రం ఆ ఆరా కుదరదు.

ఇప్పుడు సీటు సంగతి. ఈ బడిలో అన్నిటికన్నా తెలివైన పని ల్యాప్‌టాప్ అని చాలామంది అంటారు. నన్నడిగితే 0.4 అంటాను.

పదో తరగతికి గ్రేడ్లు ఉన్న రోజుల్లో, జిల్లా పరిషత్, మున్సిపల్ వంటి ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లల గ్రేడు పాయింట్లకి 0.4 కలిపేవారు. హాస్టల్ వసతితో చదివినవాళ్లకి కాదు, ఇంటి నుంచి బడికి నడిచి వెళ్లి చదివినవాళ్లకి. ప్రైవేటు బడి పిల్లాడు పదికి పది తెచ్చుకున్నా 10 దగ్గరే ఆగుతాడు. సర్కారు బడిలో 9.7 వచ్చిన పిల్ల 10.1తో అతని ముందు నిలబడుతుంది. సమానంగా వచ్చినప్పుడు ముందు గణితం గ్రేడు చూసేవారు, తర్వాత సైన్సు, ఆ తర్వాత ఇంగ్లిషు, సాంఘికం. అప్పటికీ తేలకపోతే వయసులో పెద్దవాళ్లకి ఇచ్చేవారు. గ్రేడ్లు పోయి మార్కులు తిరిగొచ్చాక కూడా ఆ 4 శాతం కలపడం పోలేదు. ట్యూషన్ ఫీజు కట్టి తెచ్చిన మార్కూ, కూలికెళ్లే ఇంట్లో లాంతరు కిందో వీధిలైటు కిందో తెచ్చిన మార్కూ ఒకటి కాదని ఒక ప్రభుత్వం అంకెల్లో ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. ప్రైవేటు బడికి పంపిన తల్లిదండ్రులకి ఇది అన్యాయంగా తోచింది, వాళ్ల బాధా అర్థమవుతుంది. అప్పుచేసి ఫీజు కట్టిన ఇళ్లు కూడా అందులో ఉన్నాయి. అయినా వాళ్లకి వేరే దార్లు కొన్ని మిగిలాయి. ఈ పిల్లలకి ఇదొక్కటే.

నూజివీడు నుంచి విజయవాడ వైపు చూస్తే ఆ వేరే దార్లు కనిపిస్తూనే ఉంటాయి. తెలుగునాట ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల రాజధాని అదే. అక్కడ రెండేళ్లు గడిపిన పిల్లలకి ఫిజిక్సు అంటే ర్యాంకు కోసం చేసే లెక్కలు. ఇక్కడి పీయూసీ పిల్లలకి ఆ ర్యాంకు బెంగ లేదు. చదివింది ఎందుకని ఆగి ఆలోచించే తీరిక కొంత దొరికిందని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అది పూర్తిగా నిజం అనలేం. పీయూసీ చివర బ్రాంచి ఇచ్చేది మార్కుల్ని బట్టే. అందరికీ కంప్యూటర్ సైన్సు కావాలి. సివిల్, కెమికల్, మెటలర్జీ వచ్చినవాళ్లు మొదటి కొన్ని నెలలు మొహం వేలాడేసుకుని తిరుగుతారు. పాయింటు తర్వాత రెండో స్థానంలో ఉన్న అంకె ఎంత బరువో పదిహేడేళ్లకే తెలిసిపోతుంది. ఎంసెట్ గోడ దూకి వచ్చామనుకుంటే లోపల ఇంకో గోడ ఉందన్నమాట.

ఫిర్యాదుల చిట్టా చిన్నదేం కాదు, దాన్ని దాచి ఈ ప్రాంగణాల గురించి రాస్తే చదివినవాళ్లే నవ్వుతారు. వేల మందికి ఒకేచోట వండే మెస్‌లు, ఎన్నాళ్లయినా భర్తీ కాని పోస్టులు, కాంట్రాక్టు మీదా గెస్టుగా వచ్చీ పాఠాలు చెప్పే అధ్యాపకులు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు పన్నెండు డిమాండ్లతో ఎండలో, వానలో రోజుల తరబడి బైఠాయించారు. విద్యాశాఖ మంత్రి రాత్రివేళ వచ్చి మాట్లాడాక గానీ లేవలేదు. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలన్నది ఆ కోరికల్లో ఒకటి. ఆ మరుసటి నెలలోనే అక్కడి మెస్‌లో తిన్న పిల్లలు వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు. 2024 ఆగస్టులో నూజివీడులోనూ వందల మంది జబ్బుపడ్డారు. బతుకు మీద ఆశ వదులుకున్న పిల్లల వార్తలూ ఈ ప్రాంగణాల నుంచి వచ్చాయి. పదిహేనేళ్ల పిల్లల్ని ఇంటి నుంచి తీసుకొచ్చి ఆరేళ్లు పెట్టుకున్న చోట అన్నం, ఆరోగ్యం, పలకరించే పెద్దదిక్కు కూడా సిలబస్సే. దీని గురించి పాత విద్యార్థులు మాట్లాడితే గొంతు మారుతుంది. తమని పైకి తెచ్చిన చోటు కాబట్టి బయటివాళ్లు తిడితే ఊరుకోరు, తాము మాత్రం తిట్టకుండా ఉండరు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది అమ్మాయిల లెక్క. ఇటీవలి ఏళ్లలో ఎంపిక జాబితాలు చూడండి, అమ్మాయిలే ఎక్కువ. బాగా చదువుతారు కాబట్టి అన్నది సగం జవాబే. మన ఊళ్లలో ఇద్దరు పిల్లలుంటే అబ్బాయిని పసుపురంగు బస్సెక్కించి ప్రైవేటు బడికి పంపుతారు, అమ్మాయిని వీధి చివర ఉన్న సర్కారు బడికి. పెళ్లి ఖర్చు ఉంది, చదువుకి కూడా పెట్టాలంటే ఎలా అన్నది ఇంటి పెద్దల లెక్క. కొడుకు మీద పెట్టుబడి పెట్టి కూతురి దగ్గర మిగుల్చుకున్న ఆ లెక్కే 0.4 దగ్గర బోర్లా పడింది. తక్కువ ఖర్చుతో చదివిన పిల్లకే ఎక్కువ పాయింట్లు. ఈ నిబంధన రాసినవాళ్లు ఊరి పేదరికం గురించి ఆలోచించి ఉంటారు. ఇంట్లో కూతురికి జరిగే తక్కువ కూడా దాంతోనే కొంత సర్దుబాటైంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పదిహేనేళ్లకి చేరితే బయటికొచ్చేది ఇరవై ఒకటికి. ఇంటర్ అయ్యాక ‘ఇక చాలు, సంబంధాలు చూద్దాం’ అనే మాటకి ఇక్కడ చోటు లేదు, ఎందుకంటే ఇంటర్ అయిపోయినట్టే తెలియదు, పీ టూ నుంచి నేరుగా ఈ వన్‌లోకి వెళ్లిపోతారు. మేనమామ వచ్చి అడిగినా ‘ఇంకా నాలుగేళ్ల చదువుంది’ అని చెప్పడానికి తల్లికి ఒక కారణం దొరుకుతుంది. చదువుకున్న అమ్మాయిలు తమ రోజుల గురించి చెప్పేటప్పుడు రోబోటిక్స్ ప్రాజెక్టు, కోడింగ్ పోటీ, టెక్‌ఫెస్ట్ అన్నీ చెబుతారు. కాసేపయ్యాక, తమ ఊళ్లో తమతో పాటు పది పాసైన స్నేహితురాళ్లలో ఎవరికి అప్పటికే ఇద్దరు పిల్లలో కూడా చెబుతారు.

ప్రవేశాల కౌన్సెలింగ్ రోజు మైలవరం రోడ్డంతా ట్రంకుపెట్టెలు, స్టీలు క్యారేజీలు, గొడుగులు. సర్టిఫికెట్లు చూసే బల్ల దగ్గర వరసలో నిలబడ్డ తండ్రుల్లో అబ్బాయిల నాన్నలు కంప్యూటర్ సైన్సు వస్తుందా అని అడుగుతుంటారు. అమ్మాయిల నాన్నలకి కావాల్సిన వివరాలు వేరు. గేటు ఎన్నింటికి వేస్తారు, వార్డెన్ ఆడమనిషేనా, ఫోను ఎప్పుడు చేయనిస్తారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు. అన్నిటికీ జవాబు విన్నాక, అమ్మాయి వైపు చూసి, ఎక్కడ సంతకం పెట్టాలమ్మా అంటారు.