వంపు ఒప్పుకుంటేనే రైలు

లెగో రైలు పట్టాల మధ్య దూరం, అంటే గేజు, 37.5 మిల్లీమీటర్లు. ఈ ఒక్క కొలత చేతిలో ఉంటే చాలు, మిగతా లెక్కంతా దాని వెంటే నడుస్తుంది. సికింద్రాబాద్‌లోని మెట్టుగూడ వాళ్లకి గేజుల గొడవ కొత్తేమీ కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ 1893 నాటిది. సిగ్నల్ ఇంజినీర్లకి పాఠాలు చెప్పే ఇరిసెట్ తార్నాకకి 1957లో వచ్చింది. కింద రైల్వే లైను 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజు. 2017 నుంచి మన నెత్తిమీద తిరుగుతున్న మెట్రోది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజు. కాచిగూడ వైపు ఒకప్పుడు మీటర్ గేజు ఉండేది. బొమ్మ పట్టా మీద వీటిలో దేన్ని నడపాలనుకుంటే దాని గేజుని 37.5తో భాగించాలి. మెట్రో అయితే 38వ వంతు, మీటర్ గేజు రైలు అయితే 27వ వంతు, సికింద్రాబాద్ స్టేషన్లో ఆగే ఎక్స్‌ప్రెస్ అయితే 45వ వంతు. పిల్లల బొమ్మతో పెద్దవాళ్లకేం పని అని అడిగేవాళ్లుంటారు. పిల్లలు ఈ భాగహారం చెయ్యరు కదా!

డెన్మార్క్‌లో బిలుండ్ అనే చిన్న ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చెయ్యడంతో లెగో కథ మొదలైంది. ఇప్పుడు మనం చూసే ఇటుకకి పేటెంటు కోసం అర్జీ పెట్టింది మాత్రం 1958 జనవరి 28న. ఒక ఇటుకని తిప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. పైన 4.8 మిల్లీమీటర్ల బొడిపెలు, లోపల బోలు గొట్టాలు. కింది ఇటుక బొడిపె పైదాని గోడకీ గొట్టానికీ మధ్య దూరుతుంది. అక్కడున్న ఖాళీ బొడిపె కంటే పిసరంత తక్కువ. అందుకే గోడ కొద్దిగా సాగి, తిరిగి ముడుచుకోబోతూ బొడిపెని పట్టుకుంటుంది. వెయ్యిసార్లు ఊడదీసి పెట్టినా పట్టు సడలకూడదంటే ప్లాస్టిక్‌కి సాగే గుణమూ, మొదటి ఆకారానికి వచ్చే గుణమూ రెండూ ఉండాలి. 1963లో ఏబీఎస్ ప్లాస్టిక్‌కి మారింది ఇందుకే. అంతకుముందు వాడిన సెల్యులోజ్ అసిటేట్ కాలం గడిచేకొద్దీ వంకర్లు పోయేది.

రైలు 1966లో వచ్చింది. నీలం పట్టాలు, తెల్ల స్లీపర్లు, 4.5 వోల్టుల బ్యాటరీ మోటారు. 1960ల చివర్లో 12 వోల్టుల రైలు దిగింది. దానికి రెండు పట్టాల నడుమ కరెంటు మోసే లోహపు పట్టీలు అదనంగా బిగించాలి. 1980లో పట్టాలు బూడిదరంగుకి మారాయి, కూర్చున్న చోటి నుంచే నడపగలిగే పాయింట్లు, సిగ్నళ్లు, లెవెల్ క్రాసింగ్ గేటు వచ్చాయి. ఆనాటి సెట్ల కోసం పాత అభిమానులు ఇప్పటికీ వెతుకుతూనే ఉంటారు. 1991లో వచ్చిన 9 వోల్టుల రైలు నడిమి పట్టీలని పీకేసి, కరెంటుని నేరుగా రెండు పట్టాల్లోకే పంపింది. ఒకటి ప్లస్సు, రెండోది మైనస్సు. చూడ్డానికి అచ్చం అసలు రైలు దారే. కానీ ఇందులో ఒక చిక్కుంది. పట్టా ఉచ్చులా తిరిగొచ్చి తనలోనే కలిసిందా, ప్లస్సు పట్టా మైనస్సు పట్టాని తాకుతుంది, షార్ట్ సర్క్యూట్. ఆ ఉచ్చులో ఒక ముక్కని మిగతా పట్టా కరెంటు నుంచి విడదీసి, రైలు దాన్ని దాటేలోపు కరెంటు దిశ మార్చాలి. ఇది సిగ్నల్ ఇంజినీరు బుర్ర పెట్టాల్సిన లెక్క.

2006లో రిమోట్ రైలు, మరుసటేడు 9 వోల్టులకి స్వస్తి. ఇప్పుడు ఇంజను కడుపులో ఆరు సన్న బ్యాటరీలు, ఫోన్లోంచి బ్లూటూత్ ఆజ్ఞలు. అసలు రైల్వే ఏం చేసింది? బొగ్గు మోసింది, డీజిల్ మోసింది, చివరికి కరెంటు తీగ కిందికి చేరింది. బొమ్మ రైలు ఉల్టా నడిచింది. పట్టాలో కరెంటు ఉండగా దాన్ని వదిలేసి బ్యాటరీల మూటని మళ్లీ నెత్తిన పెట్టుకుంది. నాకైతే ఇది వెనకడుగే అనిపిస్తుంది. 9 వోల్టుల పట్టాలకి ఇవాళ పాత సామాన్ల బజారులో ఉన్న గిరాకీ చూస్తే ఈ మాట అనుకునేది నేనొక్కణ్నే కాదని తెలుస్తుంది.

ఇక అసలు తగాదా వంపుతో. లెగో వంపు పట్టా వ్యాసార్థం 40 స్టడ్లు. స్టడ్ అంటే ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకి ఉన్న 8 మిల్లీమీటర్ల దూరం. అంటే 32 సెంటీమీటర్లు. పదహారు ముక్కలు కలిపితే వలయం పూర్తవుతుంది, భోజనాల బల్ల మీద సరిపోతుంది. కంపెనీ లెక్క పిల్లల గదికి వేసింది, అందులో తప్పులేదు. ఇప్పుడు మన పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) పెట్టెని 45వ వంతుకి దించండి. పొడవు 21 మీటర్ల పైచిలుకు కాబట్టి బొమ్మ దాదాపు 48 సెంటీమీటర్లు వస్తుంది. దాని కింద చక్రాలుండే ట్రక్కులు రెండు, వాటి కేంద్రాల మధ్య దూరం 33 సెంటీమీటర్లు. ట్రక్కులు వంపు వెంట తిరుగుతాయి, తిన్నటి పెట్టె వంగదు. విల్లుకి కట్టిన నారిలా అడ్డంగా నిలబడుతుంది. పెట్టె నడుము 46 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది, కొసలు ఇంచుమించు అంతే బయటికి పొడుచుకొస్తాయి. పట్టాల నడిమి గీత నుంచి ఒక పట్టాకి దూరం 19 మిల్లీమీటర్లే కదా! వంపు పక్కన ప్లాట్‌ఫాం కట్టి బొమ్మ ప్రయాణికుల్ని నిలబెడితే మొదటి పెట్టెకే అందరూ బోర్లా పడతారు.

అసలు రైల్వేకీ ఈ బాధ ఉంది. ట్రక్కుల మధ్య దూరాన్ని వర్గం చేసి, వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే నడుము ఎంత జరుగుతుందో వస్తుంది. వంపు మరీ బిగుతుగా లేనంతవరకూ ఈ సూత్రం సరిపోతుంది. బ్రాడ్ గేజులో అనుమతించే అతి బిగువు వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్థం. అక్కడ ఐసీఎఫ్ పెట్టె జరిగేది పదహారు సెంటీమీటర్ల లోపే. వంపుల్లో ప్లాట్‌ఫాం అంచుని పట్టాకి కాస్త దూరంగా కట్టేది ఇందుకే. ఆ 175 మీటర్లని మన కొలతకి దించితే దాదాపు నాలుగు మీటర్లు. వలయం అడ్డుకొలత ఎనిమిది మీటర్లు. తార్నాక అపార్ట్‌మెంట్లో హాలు, వంటిల్లు, బాల్కనీ కలిపినా చాలదు.

కాబట్టి పెద్దలు రాజీపడతారు. పెట్టె పొడవు కుదిస్తారు, కిటికీల్లో కొన్ని ఎగ్గొడతారు. వెడల్పు లెక్కప్రకారం తొమ్మిది స్టడ్లు రావాలి, ఎనిమిదికి తగ్గిస్తారు. తొమ్మిదే కావాలని పట్టుబట్టినవాడికి కొత్త తలనొప్పి: నడిమి గీత బొడిపె మీద పడుతుంది, ట్రక్కు ఇరుసేమో రెండు బొడిపెల మధ్య ఉంటుంది. రెండు స్టడ్ల పొడవుండి నడుమ ఒకే బొడిపె ఉన్న చిన్న పలకని ఇరికించి అరస్టడ్ జరిపితే గానీ కుదరదు. ఆవిరి ఇంజను కట్టేవాళ్లకి ఇంకో చిట్కా ఉంది. పెద్ద చక్రాల వరసలో మధ్యవాటికి అంచు లేకుండా చేస్తే అవి వంపులో పట్టా మీద పక్కకి జారి సర్దుకుంటాయి. నిజం ఇంజన్లలోనూ ఈ పద్ధతి ఉండేది.

రాజీ ఇష్టంలేనివాళ్లు వంపునే మార్చారు. 56, 72, 104 స్టడ్ల వంపు పట్టాలని బయటివాళ్లు తయారుచేసి అమ్ముతున్నారు. 104 మీద మన పెట్టె నడుము జరిగేది 17 మిల్లీమీటర్లే. కాకపోతే వలయానికి అయిదున్నర అడుగుల పైనే చోటు కావాలి, డబ్బూ కావాలి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. అందుకే ముందు కంప్యూటర్లో కట్టుకుని, ఏ రంగు ముక్క ఎన్ని కావాలో లెక్క తేలాకే కొనడం ఇక్కడివాళ్లకి అలవాటైంది.

ఇన్ని తిప్పలు పడకుండా ఉండాలంటే గూడ్సు కట్టుకోవాలి. మౌలాలి వైపు వెళ్తే కనబడే బొగ్గు వ్యాగన్, బాక్స్ఎన్, పొడవు పదకొండు మీటర్ల లోపే. ట్రక్కుల మధ్య ఆరున్నర మీటర్లు. 45వ వంతుకి దించితే నడుము జరిగేది ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకే, కంపెనీ ఇచ్చిన మామూలు వంపు మీద కూడా! కొలతలో ఒక్క మిల్లీమీటరు కుదించక్కర్లేదు. కాకపోతే అసలు గూడ్సు రైల్లో 58 వ్యాగన్లుంటాయి. బొమ్మ వ్యాగన్ 24 సెంటీమీటర్లు, వలయం చుట్టుకొలత రెండు మీటర్లు. ఏడో వ్యాగన్ తగిలించి, ముందు ఇంజను పెట్టేసరికి దాని ముక్కు చివరి వ్యాగన్‌కి తగులుతూ ఉంటుంది. మిగతా 51 ఎక్కడ పెట్టాలో ఇంట్లోవాళ్లతో మాట్లాడి తేల్చుకోవాలి.