ఐసీయూలోకి నేరుగా వెళ్లొచ్చా?

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు ముగిశాయి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఆసుపత్రులకు రెజ్యూమె పంపడమే తరువాయి. సరిగ్గా ఇప్పుడే అందరూ ఒకటే మాట చెబుతారు: ‘ముందు రెండేళ్లు జనరల్ వార్డులో చెయ్యి, ఆ తర్వాతే స్పెషాలిటీ’.

సలహా మంచిదే. నలుగురైదుగురు రోగుల్ని ఒకేసారి చూసుకోవడం, ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తేల్చుకోవడం వార్డులోనే బాగా అలవడతాయి. అయితే హైటెక్ సిటీ చుట్టుపక్కల పెద్ద ఆసుపత్రులు చాలావరకు స్పెషాలిటీల మీదే నడుస్తున్నాయి. ఏఐజీ పేరు చెబితే జీర్ణకోశ, కాలేయ వ్యాధులు, రెయిన్‌బో అంటే పిల్లలు, నవజాత శిశువులు గుర్తొస్తారు. ఇలాంటి చోట మొదటి పోస్టింగే ఐసీయూలో పడినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వెళ్లొచ్చు. కాకపోతే అక్కడ మీకు దగ్గరుండి నేర్పే మనిషి ఉన్నారో లేదో ముందే తెలుసుకోండి.

ఎందుకంటే ఐసీయూలో పొరపాటు దిద్దుకునే సమయం తక్కువ. నార్‌అడ్రినలిన్ ఇన్ఫ్యూజన్ పంప్‌లో రేటు ఒక అంకె తేడా వస్తే బీపీ నిమిషాల్లో తారుమారవుతుంది. వెంటిలేటర్ అలారం మోగితే కఫం అడ్డుపడిందా, ట్యూబ్ కదిలిందా, సర్క్యూట్ ఊడిందా అన్నది అక్కడికక్కడే చూడాలి. ఎన్‌ఐసీయూలో కిలో బరువున్న పాపకు మందు లెక్కేసేటప్పుడు దశాంశ బిందువు జరిగితే డోసు పది రెట్లు అవుతుంది. ఇవి పుస్తకం చదివితే వచ్చేవి కావు, పక్కన సీనియర్ నిలబడి చేయిస్తే వస్తాయి.

అందుకే ఇంటర్వ్యూలో నర్సింగ్ సూపరింటెండెంట్‌ను మొహమాటం లేకుండా అడగండి. ‘మేడమ్, సీనియర్ పక్కన ఎన్ని వారాలు ఉంచుతారు? అన్నాళ్లూ నాకు విడిగా పేషెంట్లను ఇవ్వరు కదా? నైట్ డ్యూటీ ఎప్పట్నుంచి? వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కు ఒక నర్సు ఉంటారా, ఇద్దర్ని చూడాలా?’ ఒక్కరికి ఒక్కరన్నది నిబంధనల లెక్క. ‘వచ్చాక అన్నీ అలవాటైపోతాయమ్మా’ అనే జవాబు వస్తే ఇంకో ఆసుపత్రి చూసుకోవడం మేలు. జీతం రెండు వేలు తక్కువైనా నేర్పేచోటే చేరండి.

అందరికీ ఐసీయూ సరిపడాలనేం లేదు. డయాలసిస్‌లో పని వేళలు కాస్త స్థిరంగా ఉంటాయి, పని పరిధి మాత్రం చిన్నది. ఆపరేషన్ థియేటర్‌లో చేతి నైపుణ్యం పెరుగుతుంది, రోగితో మాటామంతీ తగ్గుతుంది. ఎండోస్కోపీ కూడా అంతే.

పై చదువులకూ ఈ మొదటి ఏడాదే ఆధారం. రెండేళ్ల ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్’ పీజీకైనా, ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలకైనా కనీసం ఏడాది క్లినికల్ అనుభవం అడుగుతారు. ఈలోగా బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ సర్టిఫికెట్లు తెచ్చుకోండి. రెండేళ్లకోసారి రెన్యూవల్ ఉంటుంది.

ఇక జీతం. సుప్రీంకోర్టు 2016 ఆదేశాలతో కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సు వేతనం ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలని, 50 పడకల్లోపు ఉన్నా రూ.20 వేలకు తగ్గకూడదని చెప్పింది. సిఫార్సు కావడంతో అమలు రాష్ట్రాల చేతుల్లో ఉండిపోయింది. ఆఫర్ లెటర్‌లో అంకె చూసేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. హాస్టల్ ఇస్తారా, రాత్రి మెట్రో ఆగిపోయాక డ్యూటీ దిగితే క్యాబ్ ఉందా అన్నవీ జీతం కిందికే వస్తాయి.

బాండ్ కాగితం చదవకుండా సంతకం చేయకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమంటే చూపించి, జిరాక్సులిచ్చి వెనక్కి తెచ్చుకోండి. రేపు గల్ఫ్‌కో, టామ్‌కామ్ ద్వారా జర్మనీకో వెళ్లాలనుకుంటే మీ చేతి పని కాగితం మీద కనిపించాలి. మానేసేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ‘స్టాఫ్ నర్స్’ అని మాత్రమే రాసిస్తే ఊరుకోకండి. ఏ యూనిట్, ఎన్ని పడకలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నవి రాయించుకునే బయటకు రండి.