మిద్దె తూముకు జాలీ పెట్టించాలా?

మృగశిర కార్తె రాకముందే ఇంటి పైకప్పు చూసుకోవడం మన పెద్దల అలవాటు. పెంకుటిల్లయితే పగిలిన పెంకులు మార్పించేవారు. మట్టి మిద్దె అయితే కొత్తగా చౌడు పోయించేవారు. స్లాబు ఇళ్లు వచ్చిన తరువాత ఆ అలవాటు చాలా ఇళ్లలో పోయింది. సిమెంటు కప్పుకు ఏమవుతుందిలే అనే ధీమా మనది. అయితే ఈమధ్య కొన్ని కుటుంబాలలో ఒక కొత్త ప్రశ్న వినబడుతున్నది. పిల్లలను చూడడానికి అమెరికా వెళ్లివచ్చిన తల్లిదండ్రులు అక్కడి ఇళ్ల చూరు వెంబడి రేకు కాలువలనూ, ఆ కాలువలలో ఆకులు పడకుండా పైన బిగించిన జల్లెడలనూ చూసి వస్తున్నారు. మన ఇంటికి కూడా అటువంటిది పెట్టిస్తే మంచిది గదా, ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా అని అడుగుతున్నారు.

ప్రశ్న చిన్నదే. అయితే అక్కడి కప్పు వేరు, మన కప్పు వేరు. ఆ తేడా తెలియాలంటే హైదరాబాదు పాతబస్తీలోని దబీర్‌పురాను ఒకసారి తలచుకోవాలి. పాత నగరపు కోటగోడకు ఉన్న దర్వాజాలలో ఇప్పటికి మిగిలినవి రెండే. ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది దబీర్‌పురా దర్వాజా. మలక్‌పేట నుండి ఫలక్‌నుమా వైపు లోకల్ రైలులో వెళ్లేవారికి దబీర్‌పురా స్టేషను కూడా తగులుతుంది. అక్కడి గల్లీలు ఇరుకు. ఇంటికీ ఇంటికీ నడుమ జాగా ఉండదు, గోడ గోడను ఆనుకొని ఉంటుంది. పాత సున్నపు కట్టడాల పక్కనే కొత్త సిమెంటు మేడలు లేచాయి. ఇటువంటి చోట చూరుకు తావు లేదు. కప్పు చదునుగా ఉంటుంది, చుట్టూ పిట్టగోడ, ఒక మూల తూము. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో వాన నీటి గొట్టాన్ని పర్నాలా అంటారు. వాన నీరంతా ఆ ఒక్క దారినే దిగాలి.

మా ఊరికీ దబీర్‌పురాకూ ఏమి సంబంధం అని పల్లెలోని పాఠకులు అనవచ్చు. మీ వీధిలో గడచిన 20 ఏళ్లలో లేచిన స్లాబు ఇళ్లను లెక్కపెట్టండి. చదును కప్పు, పిట్టగోడ, ఒకటో రెండో గొట్టాలు. నగరంలో ఇరుకు వలన త్వరగా బయటపడే లోపమే పల్లెలో నిదానంగా బయటపడుతుంది, అంతే.

ఇక అసలు తేడాకు వద్దాం. అమెరికా ఇంటి కప్పు ఏటవాలుగా ఉంటుంది. నీరు చూరు కాలువలోకి జారి, అక్కడినుండి గొట్టంలోకి పోతుంది. ఆకులు రాలే కాలంలో ఆ కాలువ నిండిపోతే నీరు అంచు దాటి బయటికి దూకుతుంది. దానివలన చూరు చెక్క నానుతుంది, పునాది దగ్గర నేల తడుస్తుంది. నష్టమే గాని నీరు మాత్రం కప్పు మీద నిలవదు. మన మిద్దె మీద తూము మూసుకుపోతే నీటికి బయటికి దూకే దారి లేదు. పిట్టగోడ అడ్డం. మన కప్పు అప్పుడు ఒక తొట్టి అవుతుంది. కాబట్టి అక్కడ జల్లెడ మూసుకుపోయినా ఇల్లు నిలుస్తుంది. ఇక్కడ పనికిరాని జల్లెడ పెడితే, అసలు పెట్టకపోవడమే మేలు.

తొట్టి అంటే ఎంత బరువో లెక్క వేసి చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. నూరు గజాల కప్పు అంటే సుమారు 84 చదరపు మీటర్లు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసింది. అటువంటి రోజున నూరు గజాల మిద్దె తూము పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఆ కప్పు మీద చేరే నీరు 20 వేల లీటర్లు, అనగా 20 టన్నులు. రెండు లారీల ఇసుక మిద్దె మీద పోసినట్టే! మనుషులు ఎక్కి తిరిగే కప్పును చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకు తగ్గట్టు కట్టాలని మన దేశపు నిర్మాణ ప్రమాణాలు చెబుతున్నాయి. 15 సెంటీమీటర్ల లోతు నీటికే ఆ హద్దు వచ్చేస్తుంది. మంచి స్లాబు అంతకు మించి కొంత తట్టుకుంటుందనుకోండి. అయితే కర్ర దూలాల మీద, తుప్పు పట్టిన గర్డర్ల మీద రాతి బండలు పరచి సున్నం వేసిన పాత కప్పును ఏ లెక్క ప్రకారం కట్టారో ఎవరు చెప్పగలరు? సున్నపు గోడ నీరు త్రాగుతుంది. గోడలో దిగిన దూలం కొస లోలోపల కుళ్లుతుంది, అది పైకి కనబడదు. పాతబస్తీలో వర్షాకాలం వచ్చిందంటే శిథిల గృహాలలో ఉన్నవారికి నగరపాలక సంస్థ నోటీసులు ఇచ్చేది ఇందుకే. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు బండ్లగూడలో ఒక ప్రహరీ గోడ పక్క ఇళ్ల మీద కూలి అనేకమంది చనిపోయారు. అది తూము వలన జరిగింది కాదు. కాని నీరు పోయే దారి లేకపోతే గోడ ఎంతటి శత్రువు అవుతుందో ఆ రాత్రి నగరమంతా చూసింది.

మరి తూములో అడ్డుపడేవి ఏమిటి? అమెరికాలో మేపుల్ ఆకులు, పైన్ చెట్ల సూదులు. మనకు వేప, చింత, రావి. వేప వేసవికి ముందు ఆకు రాల్చుతుంది, తొలకరికి అది ఎండి గుల్లై మూలన చేరి ఉంటుంది. చింతాకు మరీ చిన్నది. సన్నని జల్లెడ మీద అది తడిసి పరచుకుంటే చాప పరచినట్టే, చుక్క దిగదు. రావితో గొడవ ఆకు వలన కాదు. పిట్టలు రెట్టతో వేసిన విత్తనం తూము అంచున మొలిచి, వేరు గొట్టంలోకీ గోడలోకీ దిగుతుంది. దబీర్‌పురా వంటి చోట చెట్లు తక్కువే గాని పావురాల ఈకలు ఉన్నాయి, సంక్రాంతికి తెగిపడిన పతంగుల కాగితాలూ మాంజా దారమూ ఉన్నాయి. అన్నిటికన్నా చెడ్డది పాలిథిన్ కవరు. ఒక్క కవరు గాలికి ఎగిరివచ్చి తూము నోటికి అతుక్కుంటే చాలు. నూరు ఆకులు చేయలేని పని అది ఒక్కటే చేస్తుంది.

అందుచేత జాలీ ఏ రకమో చూసి పెట్టించాలి. తూము నోటికి సమంగా బల్లపరుపుగా బిగించే చదును జాలీ వద్దు. కవరు అతుక్కునేది దానికే. అంతేగాక తీగల మందం పోగా మిగిలిన రంధ్రాలన్నీ కలిపినా గొట్టం నోరంత ఉండవు, అంటే చెత్త పడకముందే దారి సగం తగ్గిందన్నమాట. దోమతెర వంటి సన్నని వల కూడా వద్దు. బోర్లించిన గిన్నెలా పైకి లేచి ఉండే జాలీ కావాలి. అడుగున ఆకులు చుట్టుకున్నా పైభాగంనుండి నీరు దిగుతుంది. బీడుతో చేసినవీ ప్లాస్టిక్‌వీ శానిటరీ సామాను అంగళ్లలో దొరుకుతాయి, పెద్ద ధర కాదు. వేలు దూరేటంత రంధ్రాలుంటే చాలు. చిన్న ఆకు గొట్టంలోకి పోతే పోనివ్వండి, నాలుగంగుళాల గొట్టం దానిని మింగగలదు. పెద్ద కొమ్మ, పిచ్చుక గూడు, పిల్లల బంతి లోపలికి పోకుంటే జాలీ పని జాలీ చేసినట్టే. దానిని సిమెంటు పెట్టి బిగించవద్దు. చేతితో పైకి తీయగలిగేటట్టు ఉండాలి.

కొన్న జాలీ మంచిదో కాదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. నాలుగు గుప్పెళ్ల ఎండు వేపాకు దాని చుట్టూ పోసి రెండు బకెట్ల నీళ్లు వదలండి. నీరు ఆగకుండా దిగితే ఉంచండి, మడుగు కడితే తిప్పి ఇచ్చేయండి. అంగడివాని మాటకన్నా ఈ రెండు బకెట్లు నమ్మకమైనవి.

అయితే నన్ను అడిగితే, చేతిలో కొద్ది డబ్బే ఉన్నప్పుడు జాలీ కన్నా ముందు చేయించవలసిన పని మరొకటి ఉంది. అది రెండవ దారి. గంటకు 10 సెంటీమీటర్ల చొప్పున వాన పడితే నాలుగంగుళాల గొట్టం ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పుకు మాత్రమే చాలుతుందని నిర్మాణ ప్రమాణాల పట్టికలో ఉన్నది. నూరు గజాల మిద్దెకు రెండు గొట్టాలు ఉండాలన్నమాట. ఎన్ని ఇళ్లకు ఉన్నాయి? రెండవ గొట్టం పెట్టించే వీలు లేకపోతే, పిట్టగోడకు కప్పు మట్టానికి రెండంగుళాల ఎత్తున ఒక రంధ్రం కొట్టించి చిన్న గొట్టం బయటికి పెట్టించండి. మామూలు వానకు అందులోంచి చుక్క రాదు. ఎప్పుడైనా అందులోంచి నీరు దూకుతూ కనబడితే అసలు తూము మూసుకుపోయిందని అర్థం. మీరు చూడకపోయినా గల్లీలో తడిసినవాడు వచ్చి తలుపు తట్టి చెబుతాడు! నవ్వుకు అన్నాను గాని, ఆ నీరు పక్కవారి గోడ మీద పడకుండా చూసుకోవడం మన బాధ్యత. పాతబస్తీలోనైనా పల్లెలోనైనా ఇరుగుపొరుగుల తగాదాలలో కప్పు నీటి తగాదా తక్కువదేమీ కాదు. దిగిన గొట్టాన్ని మురుగు మ్యాన్‌హోల్‌లో కలపడం కూడా తగదు. వాన నీరు మురుగు గొట్టంలో చేరితే అది పల్లపు వీధిలోని ఇళ్లలోకి పొంగుతుంది.

జాలీ పెట్టిన తరువాత శుభ్రం చేయడం మానవచ్చునా? మానకూడదు. జాలీ చెత్తను ఆపుతుందే గాని ఎత్తిపారేయదు. ఆపిన చెత్త చుట్టూ నీరు నిలుస్తుంది. డెంగీ జ్వరాన్ని మోసే దోమకు అటువంటి శుభ్రమైన కొద్దిపాటి నీరే ఇష్టం. గుడ్డు పెట్టింది మొదలు రెక్కల దోమ ఎగిరేవరకు వారం నుండి పది రోజులు చాలు. ఆ గుడ్లు నీరు ఎండినా నెలల తరబడి చావక, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి వారానికొకసారి మిద్దె ఊడ్చడం తప్పదు. 2020లో తెలంగాణ పురపాలక శాఖ ప్రతి ఆదివారం ఉదయం 10 గంటలకు 10 నిమిషాలపాటు ఇంటి చుట్టూ నిలిచిన నీరు పారబోయమని ప్రజలను కోరింది. ఆ వేళకు మనం ఆరాధనలో ఉంటాము గనుక శనివారం సాయంత్రం పెట్టుకుందాం.

ఊడ్చడానికి ఎక్కేవారి సంగతి కూడా ఆలోచించాలి. మిద్దెకు పిట్టగోడ కట్టమని, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉన్నది. పిట్టగోడ లేని కప్పు అంచున వంగి తూములో చేయి పెట్టడం, నాచు పట్టిన చోట చెప్పులతో నడవడం, వాన కురుస్తుండగా ఇనుప చువ్వతో గొట్టం పొడవడం ప్రమాదకరమైన పనులు. గల్లీలలో కరెంటు తీగలు చేతికందేటంత దగ్గరగా ఉంటాయి. వాన వెలిసిన తరువాత, పగటివేళ, పెద్దవారే ఎక్కాలి. పతంగి కోసం ఎలాగూ ఎక్కుతాడు గదా అని పిల్లవానికి ఈ పని అప్పగించవద్దు.

పెంకుటిల్లు ఉన్నవారికి ఈ బాధ చాలావరకు లేదు. మనం బెంగుళూరు పెంకు అని పిలిచేది నిజానికి మంగళూరు పెంకు. దానికి మొదటి కార్ఖానాను మంగళూరులో 1865లో నెలకొల్పినది బాసెల్ మిషన్‌వారని మన సంఘాలలో చాలామందికి తెలియదు. ఆ కప్పుకు చూరే తూము. నీరు నేరుగా వాకిట్లో పడుతుంది, పడేచోట రాళ్లు పరిస్తే చాలు. మండువా ఇంట్లో రెండు వాలులు కలిసే మూలన వేసిన రేకు కాలువను మాత్రం తొలకరికి ముందు ఊడ్పించాలి. అక్కడ జల్లెడ పెట్టవద్దు. చెత్త ఆగి నీరు వెనక్కి మళ్లితే పెంకుల క్రిందికి పోయి వాసాలు తడుస్తాయి.

సన్నని జల్లెడ నిజంగా పనికివచ్చే ఇల్లు ఒకటున్నది. వాన నీటిని తొట్టిలో పట్టి వాడుకునేవారి ఇల్లు. నల్లగొండ ప్రాంతంలో బోరు నీటిలో ఫ్లోరైడు, సముద్రతీర గ్రామాలలో ఉప్పు. వాన నీటిలో ఈ రెండూ ఉండవు. అటువంటివారు పైన బోర్లించిన జాలీ, క్రింద తొట్టి మూతి దగ్గర సన్నని వల, ఇలా రెండు పెట్టుకోవాలి. సన్నది క్రిందనే ఉండాలి, నేల మీద నిలబడి విప్పి కడుక్కోవడానికి. గొట్టానికి ఒక పక్కదారీ మూతా పెట్టించి, కప్పు మీది దుమ్మూ రెట్టా కొట్టుకుపోయేవరకు మొదటి వానను వాకిట్లోకి వదిలేయాలి. రెండవ వానకు మూత బిగించి నీటిని తొట్టిలోకి మళ్లించుకోవచ్చు.