పల్లాడియం పనిచేసేది ఘనరూపంలోనా, కరిగిన రూపంలోనా?

మందు తయారీలో వాడిన లోహం మందులో మిగలకూడదు. ఐసీహెచ్ అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, నోటి ద్వారా తీసుకునే మందులతో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి శరీరంలోకి చేరకూడదు. అయితే ఈ లోహం లేకుండా తయారుచేయడం కష్టమైన మందులు చాలా ఉన్నాయి. రెండు అణువులను కార్బన్ పరమాణువుల దగ్గర జోడించే పల్లాడియం పద్ధతులకే 2010లో రిచర్డ్ హెక్, ఎయిచి నెగిషి, అకిరా సుజుకిలకు నోబెల్ బహుమతి దక్కింది.

పల్లాడియం ఖరీదైనది కూడా. అందుకే దాన్ని కార్బన్ పొడి, అల్యూమినా వంటి ఆధారాలపై నానోరేణువులుగా అద్దుతారు. చర్య ముగిశాక వడపోస్తే ఉత్ప్రేరకం పైన మిగులుతుంది, మందు ద్రావణంతో కిందికి దిగుతుంది. మరి చర్య జరిగేది ఆ రేణువుల ఉపరితలం మీదేనా? లేక వాటి నుంచి ఊడి ద్రావణంలో కరిగిన పల్లాడియంతోనా?

వేడి వడపోత

దీన్ని తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. చర్య సగంలో ఉండగా, ద్రావణం వేడిగా ఉన్నప్పుడే ఘన ఉత్ప్రేరకాన్ని వడపోసి తీసేస్తారు. మిగిలిన ద్రవంలోనూ చర్య కొనసాగితే, పల్లాడియం అందులో కరిగి ఉన్నట్టే.

చర్య ఆగిపోతే మాత్రం ఘనరూపమే పనిచేసిందని ఖాయంగా చెప్పలేం. వడపోసే సమయంలో ద్రావణం కాస్త చల్లబడినా, కరిగిన లోహం తిరిగి ఆధారంపై చేరిపోవచ్చు. హెక్ చర్యపై జరిపిన కొలతల్లో ఇదే కనిపించింది. చర్య జోరుగా సాగేటప్పుడు ద్రావణంలో పల్లాడియం పెరిగింది, ముగింపులో మళ్లీ ఆధారాన్ని చేరింది. చివర్లో మాత్రమే పరీక్షించినవారికి లోహం అసలు కదలనే లేదనిపిస్తుంది.

మరో పరీక్షలో ఒక ముడి పదార్థాన్ని రెసిన్ పూసలకు రసాయనికంగా కట్టేస్తారు. ఆధారానికి అంటుకుని ఉన్న పల్లాడియం పూసల లోపలి అణువులను చేరలేదు. అయినా అక్కడ ఉత్పన్నం ఏర్పడితే, పల్లాడియం ద్రావణంలోకి దిగి ప్రయాణించిందని అర్థం.

ఎందుకు ఊడుతుంది?

జోడింపు చర్యల్లో తరచూ వాడే ముడి పదార్థం ఆరైల్ హాలైడ్. అది పల్లాడియం పరమాణువుతో బంధం ఏర్పరచుకుని, దాన్ని ఉపరితలం నుంచి ద్రావణంలోకి లాగుతుంది. హాలైడ్ అయిపోయాక పల్లాడియం మళ్లీ ఆధారాన్ని చేరుతుంది. కాబట్టి ఇలాంటి చాలా చర్యల్లో ఘన ఉత్ప్రేరకం ఒక నిల్వ మాత్రమే, అసలు పని జరిగేది ద్రావణంలో. ఆ నిల్వ కొద్దికొద్దిగా లోహాన్ని వదలడమూ మేలే. ద్రావణంలో పల్లాడియం ఎక్కువైతే పరమాణువులు గుంపుకట్టి, నల్లటి పొడిగా మారి పనికిరాకుండా పోతాయి.

కరిగిన పల్లాడియం ఎంత తక్కువైనా చాలని ఒక సంఘటన చూపింది. లోహం లేకుండానే సుజుకి చర్య జరిగిందని 2003లో నికోలస్ లెడ్‌బీటర్ బృందం ప్రకటించింది. 2005లో ఆ బృందమే తిరిగి పరిశీలించగా, వాడిన సోడియం కార్బొనేట్‌లో వందకోట్ల భాగాలకు 50 భాగాల మేర పల్లాడియం ఉన్నట్టు తేలింది.

అన్ని చర్యలకూ ఇదే వర్తించదు. పల్లాడియం-కార్బన్‌తో జరిపే హైడ్రోజనీకరణలో హైడ్రోజన్ అణువు లోహ ఉపరితలంపైనే విడిపోతుంది, చర్య సాధారణంగా అక్కడే సాగుతుంది.

హైదరాబాద్, విశాఖపట్నం పరిసరాల్లోని బల్క్ డ్రగ్ పరిశ్రమలకూ ఈ తేడా ముఖ్యమే. లోహం ద్రావణంలో ఉండగానే వడపోస్తే అది మందు వెంట వెళ్లిపోతుంది. ఆ మేరకు ఉత్ప్రేరకమూ నష్టం, శుద్ధి ఖర్చూ అదనం. ఎప్పుడు, ఏ ఉష్ణోగ్రత వద్ద వడపోయాలో తెలియాలంటే, పల్లాడియం ఏ దశలో ఎక్కడుందో ముందుగా కొలవాలి.