పులుసు ఎరిగిన నాలుకకు తీపి వైన్

తక్కువ ధరకు దొరికే తీపి తెల్ల వైన్‌ను కొందరు తియ్యగా ఉంటే చాలని మెచ్చుకుంటారు. మరికొందరు ధర చూడగానే అది నాసిరకమని నిర్ణయించి రుచి చూడకుండానే పక్కన పెడతారు. ఈ రెండు తీర్పులూ తొందరపాటువే. తీపి వైన్ మంచిచెడ్డలు అందులోని తీపి ఎక్కువ తక్కువలను బట్టి గాక, ఆ తీపికి తగిన పులుపు తోడుగా ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతాయి. ఈ తూకాన్ని పసిగట్టే నేర్పు చింతపండు పులుసుతో పెరిగిన తెలుగువారికి కొత్తది కాదు. చింతపండుకు పులుపునిచ్చే ముఖ్యమైన ఆమ్లం, ద్రాక్షకు పులుపునిచ్చే ముఖ్యమైన ఆమ్లం ఒకటే. దాన్ని టార్టారిక్ ఆమ్లం అంటారు. ఉత్తరాంధ్ర ఇళ్లలో ఆనపకాయ పులుసు దించేముందు బెల్లం ముక్క వేసి, పులుపు చచ్చిపోకుండా, తీపి పైకి తేలకుండా సరిచూసే వంటమనిషి చేసే పనీ, తీపి వైన్‌ను పరీక్షించేవారు చేసే పనీ మూలంలో ఒక్కటే.

ఈ నేర్పు గల తెలుగువారు సముద్రం అవతలా ఉన్నారు: 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు శివారైన బతు బస్తీ వంటి చోట్ల వైన్‌ను పరీక్షించేటప్పుడు సీసాలో ఏముందన్న దానితోపాటు ఆ సీసా ఎలా వచ్చిందన్నదీ చూడాలి. ఈ దీవులు ద్రాక్షతోటల నేల కాదు గనుక, ప్రతి సీసా ప్రధాన భూభాగం నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావలసిందే. చలికాలం అంటూ ప్రత్యేకంగా లేని ఈ వాతావరణంలో చల్లదనం లేని గోదాములో కొన్ని వారాలు ఉన్నా చాలు, వైన్‌లోని పూలవాసన తగ్గి, ఉడికిన పండు వాసన మొదలవుతుంది.

తెల్ల వైన్ తయారీలో ద్రాక్షపండ్లను పిండి, తొక్కల నుంచి రసాన్ని వెంటనే వేరుచేసి, ఆ రసాన్ని మాత్రమే పులియబెడతారు. ఈస్ట్ అనే సూక్ష్మజీవి రసంలోని చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చయితే 1 శాతం ఆల్కహాల్ తయారవుతుంది. లీటరుకు 200 గ్రాముల చక్కెర ఉన్న రసాన్ని చివరిదాకా పులియనిస్తే దాదాపు 12 శాతం ఆల్కహాల్ ఉండి, తీపి లేని వైన్ వస్తుంది. దాన్ని 9 శాతం దగ్గర ఆపితే లీటరుకు దాదాపు 47 గ్రాముల చక్కెర మిగిలిపోతుంది. ఇలా ఆపడానికి వైన్‌ను బాగా చల్లబరచి, ఈస్ట్‌ను వడగట్టి తీసివేసి, మళ్లీ పులియకుండా కొద్దిపాటి సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. పూర్తిగా పులిసిన వైన్‌లో పులియని ద్రాక్షరసాన్ని కలిపి తీపి తెచ్చే పద్ధతి కూడా ఉంది.

ఐరోపా సమాఖ్య నిబంధనల్లో లీటరుకు కనీసం 45 గ్రాముల చక్కెర ఉన్నదే తీపి వైన్. తీపి లేనిదని చెప్పుకోవాలంటే చక్కెర సాధారణంగా 4 గ్రాములు దాటరాదు. అయితే పులుపు తగినంత ఉన్న వైన్‌కు 9 గ్రాముల వరకు అనుమతి ఉంది. పులుపు పెరిగిన కొద్దీ తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుందన్న అనుభవాన్ని చట్టం కూడా ఇలా లెక్కలోకి తీసుకున్నది.

ధర తక్కువగా ఉండటానికి కారణాలు రహస్యమైనవేమీ కావు. ఎకరాకు ఎక్కువ దిగుబడినిచ్చే రకాలను పండించడం, ఓక్ చెక్క పీపాలకు బదులు ఉక్కు తొట్లు వాడటం, ఏళ్ల తరబడి నిలవ ఉంచకుండా లేతగానే అమ్మడం, ఒకే తోటకో ఒకే రకానికో కట్టుబడకుండా అనేక రకాలను కలపడం వాటిలో ముఖ్యమైనవి. ఈ కలపడాన్నే బ్లెండ్ అంటారు. ఇందులో ప్రతి రకానికీ ఒక పని ఉంటుంది: థాంప్సన్ సీడ్‌లెస్ వంటి గంధం తక్కువైన ద్రాక్ష పరిమాణాన్ని పెంచుతుంది, చెనిన్ బ్లాంక్ పులుపునిస్తుంది, మస్కట్ సువాసననిస్తుంది. మస్కట్ పరిమళానికి మూలమైన లినలూల్ అనే పదార్థం ధనియాల్లోనూ మల్లెపూలలోనూ ఉంటుంది కనుక, ఆ వాసనను గుర్తించడం తెలుగువారికి కష్టం కాదు. ఇటువంటి కలయికలలో ప్రపంచమంతా ఎరిగినది జర్మనీకి చెందిన లీబ్‌ఫ్రౌమిల్ష్. వర్మ్స్ నగరంలోని ఒక చర్చి ద్రాక్షతోటల నుంచి పేరు తెచ్చుకున్న ఈ తియ్యని తెల్ల వైన్ 20వ శతాబ్దంలో సామాన్యుల బల్లల మీదికి చేరింది.

తీపి తెల్ల వైన్ కథలో తెలుగు నేలకూ చోటుంది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌లో నాటించిన అనాబ్-ఎ-షాహీ అనే తెల్ల ద్రాక్ష, పెద్ద పండ్లకూ విపరీతమైన కాపుకూ పేరు పొందింది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఆ రకాన్ని మస్కట్ సువాసన గల క్వీన్ ఆఫ్ ది వైన్‌యార్డ్స్‌తో సంకరం చేసి అర్కా కాంచన్, అర్కా సోమ రకాలను రూపొందించింది. వీటిలో అర్కా సోమ భోజనానంతరం తీసుకునే తియ్యని తెల్ల వైన్‌కు అనువైనదని గుర్తించారు. హైదరాబాద్ తోటల కాపుగుణానికి మస్కట్ పరిమళాన్ని జోడించిన ఈ ప్రయత్నం, చవకగా దొరికేది సువాసన లేనిదై ఉండనక్కరలేదని చెబుతున్నది.

రుచి చూసే పద్ధతి తేలికైనదే. గ్లాసులో మూడో వంతు మాత్రమే పోసి, తెల్లని గుడ్డ ముందు వంచి చూస్తే లేత గడ్డిరంగు కనిపించాలి. గోధుమరంగు తిరిగిన వైన్ గాలి తగిలి పాడైందనుకోవాలి. తర్వాత గ్లాసును గుండ్రంగా కదిపి వాసన చూడాలి. తడిసిన అట్టపెట్టె వాసన బిరడా దోషానికి, వెనిగర్ ఘాటు పులిసిపోయినదానికి గుర్తులు. చిన్న గుక్కను నోరంతా తిప్పి ఉమ్మివేయడం పరీక్షకుల ఆచారం. తీపి నాలుక కొనకే తెలుస్తుందన్న పాత నమ్మకం నిజం కాదు, నాలుక అంతటా తెలుస్తుంది. గుక్క పోయిన వెంటనే దవడల పక్క నోరూరితే పులుపు తన పని చేసినట్లు. నోరూరకుండా పెదవులు జిగటగా ఉండి మొహం మొత్తితే ఆ తీపికి అండ లేనట్లు.

ఇక్కడ ఉష్ణోగ్రత ఒక పరీక్షాసాధనమవుతుంది. ఈ వైన్‌ను 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో ఇవ్వడం ఆనవాయితీ. చల్లదనం తీపినీ సువాసననూ కొంత అణచివేస్తుంది గనుక, లోపాలున్న వైన్ కూడా మొదటి గుక్కలో బాగున్నట్లు అనిపిస్తుంది. అదే గ్లాసును ఇరవై నిమిషాలు బతు బస్తీ గాలికి వదిలి మళ్లీ రుచి చూస్తే, తూకం కుదిరిన వైన్ పూలవాసనతో విప్పారుతుంది, కుదరనిది పాకంలా బరువెక్కుతుంది.

భోజనంతో జోడించడానికీ ఈ తూకం సూత్రమే దారి చూపుతుంది. ఆల్కహాల్ మిరపకాయ మంటను పెంచుతుంది, తీపీ చల్లదనమూ తగ్గిస్తాయి. అందుచేత ఆల్కహాల్ తక్కువగా ఉన్న తీపి తెల్ల వైన్ కారంగా చేసిన రొయ్యల వేపుడుకు, చేపల పులుసుకు చక్కగా కుదురుతుంది. అరిసెలు, బూరెల పక్కన మాత్రం అదే వైన్ పలచగా, పుల్లగా తోస్తుంది, ఎందుకంటే వంటకం వైన్ కంటే తియ్యనిదైనప్పుడు వైన్‌లోని తీపి నాలుకకు అందదు.

తీపి మత్తును కప్పిపెడుతుంది, తగ్గించదు. లీటరుకు 45 గ్రాముల చక్కెర ఉన్న వైన్ 150 మిల్లీలీటర్లలో ఆల్కహాల్‌తోపాటు దాదాపు 7 గ్రాముల చక్కెర చేరుతుంది కాబట్టి మధుమేహం ఉన్నవారు దీనికి దూరంగా ఉండటం మేలు. గర్భిణులు, వాహనం నడపవలసినవారు రుచికోసమైనా దీన్ని ముట్టకూడదు. తక్కినవారు చిన్న గుక్కలతో, శ్రద్ధతో పరీక్షించినప్పుడు, సీసా మీది ధరనూ పేరునూ నమ్ముకోనక్కరలేకుండా తమ నోటితోనే తీర్పు చెప్పగలుగుతారు. ఆ తీర్పుకు అధికారం ఖరీదైన సీసాల పరిచయం వల్ల కాక, పులుపునూ తీపినీ సరితూచడం నేర్పిన ఇంటివంట వల్లనే వారికి వచ్చింది.