ఎలుగుబంట్ల ఊళ్ళో మురుగు తగాదా

కోర్టు వ్యాజ్యాలు తాతలనాడు మొదలై మనుమలదాకా నడవడం మనం ఎరుగుదుం. కాని ఒక ఊరివారు మురుగు కాలువ వేయించుకోవడానికి ముప్పయిమూడేళ్ళు తగవులాడుకున్నారంటే నమ్మగలరా?

ఆ ఊరు అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు సముద్రతీరాన, లాస్ ఏంజలిస్‌కూ శాన్‌ఫ్రాన్సిస్కోకూ ఇంచుమించు మధ్యన ఉంది. పేరు లాస్ ఓసోస్. స్పానిష్ భాషలో ఎలుగుబంట్లు అని అర్థం. 1769లో ఆ దారిన వెళ్ళిన స్పెయిన్ దండువారికి ఆ లోయలో అవే కనిపించాయట. ఇప్పుడు అక్కడ ఎలుగుబంట్లు లేవు. సుమారు 14 వేలమంది జనం ఉన్నారు.

ఊరు ఇసుకనేలమీద వెలసింది. ఇంటింటికీ పెరట్లో ఒక సెప్టిక్ ట్యాంకు. దాని సంగతి మనకు తెలియనిదేముంది? మడ్డి అడుగున పేరుకుంటుంది. పైని తేరిన నీరు నేలలోకి ఇంకిపోతుంది. విశాలమైన స్థలంలో ఒక్క ఇల్లుంటే నేల ఆ నీటిని చాలావరకు శుభ్రం చేసుకోగలదు. చిన్న చిన్న స్థలాల్లో వేలకొద్దీ ఇళ్ళు చేరితే ఏం చేయగలదు? మురుగులోని నత్రజని నైట్రేటుగా మారి, ఇసుకలోంచి దిగి, భూగర్భజలంలో కలుస్తుంది. లాస్ ఓసోస్‌వారు తాగేదీ ఆ భూగర్భజలమే. వేరే ఏటినీరుగాని, చెరువునీరుగాని వారికి లేవు.

నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు సరికదా, నీరు ఆవిరయ్యేకొద్దీ దాని పాలు ఇంకా హెచ్చుతుంది. అటువంటి నీటిలో పాలపొడి కలిపి పట్టితే, నెలల పసికందుల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలంగా మారే ప్రమాదం ఉంది. అందుకే మన దేశంలోనూ తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని నియమం పెట్టారు.

1983లో ఆ ప్రాంతపు జలనాణ్యత మండలివారు, ఊరి మురుగును ఇలా నేలలోకి వదలరాదని ఉత్తరువు చేశారు. 1988లో కొత్త ఇళ్ళు కట్టడం నిలిచిపోయింది. కాలువ మాత్రం పడలేదు! ఎక్కడ కట్టాలి, ఎంత ఖర్చవుతుంది, ఎవరు పెట్టుకోవాలి అన్నవే తగాదాలు. పింఛనుమీద రోజులు గడుపుకొనే వృద్ధులకు, ఈ భారం మోయలేక ఇల్లు అమ్ముకోవలసి వస్తుందేమోనని బెంగ. అది ఉత్తుత్తి బెంగ కాదు.

1998లో ఊరివారు తమకంటూ ఒక పాలకసంఘం ఏర్పరచుకున్నారు. 2005లో ఆ సంఘం ఊరి నడుమ శుద్ధికేంద్రానికి పని మొదలుపెట్టింది. ఆ సెప్టెంబరులోనే ఓటర్లు ఐదుగురు సభ్యులలో ముగ్గురిని పదవినుంచి దింపివేశారు. పని ఆగిపోయింది. 2006లో మండలివారు చీటీ తీసినట్టు 45 ఇళ్ళను ఎంచి, మురుగు వదలడం మానాలని తాఖీదులు పంపారు. ఊరంతటి తప్పుకు 45 ఇళ్ళవారు తలవంచుకోవలసి వచ్చింది. ఆగస్టులో పాలకసంఘం దివాలా తీసింది. చివరకు రాష్ట్ర శాసనసభ చట్టం చేసి, పనిని మన జిల్లాపరిషత్తువంటి కౌంటీకి అప్పగించింది.

2007లో ఇళ్ళవారు, ఇంటికి సుమారు 25 వేల డాలర్ల భారానికి ఒప్పుకుంటూ ఓటు వేశారు. 2012లో వీధులు తవ్వారు. 2016లో శుద్ధికేంద్రం పనిచేయసాగింది. అది ఊరి నడుమ కాదు, ఊరి వెలుపల. ఖర్చు 17 కోట్ల డాలర్లకు పైమాటే!

ఈలోగా మరొక చిక్కు వచ్చింది. పైపొర నీరు చెడింది గనుక లోతుబావులు తోడారు. తోడినకొద్దీ సముద్రపు ఉప్పునీరు నేల అడుగున లోపలికి చొచ్చుకు వచ్చింది. అందుకే శుద్ధిచేసిన నీటిని వారు సముద్రంపాలు చేయడంలేదు. కొంత పొలాలకు, కొంత బడులలోని పచ్చికకు ఇస్తున్నారు. ఎక్కువభాగం బ్రోడర్సన్ అనేచోట ఇసుకలోకి ఇంకిస్తున్నారు. పైపొర బాగుపడితే లోతుబావులకు విశ్రాంతి దొరుకుతుంది, ఉప్పునీరూ వెనుకంజ వేస్తుంది. ఇదివరకు మురుగు నేలలోకే పోయేది. ఇప్పుడూ నీరు నేలలోకే పోతున్నది. నడుమ శుభ్రపడుతున్నది, అంతే తేడా. అయితే ఇన్నేళ్ళుగా ఇంకిన నైట్రేటు ఒక్కనాటితో పోయేది కాదు.

మన కాలనీలలోనూ ప్రహరీగోడకు ఇటు మన సెప్టిక్ ట్యాంకు, అటు పొరుగువారి బోరు. గోడ పైన ఉంది గాని నీటికి అడుగున గోడ లేదు. అటువంటి బోరునీరు తాగేవారు దాన్ని ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. మురుగుకాలువ మాట వచ్చినప్పుడు, వేస్తే ఎంత ఖర్చవుతుందని మాత్రమే కాదు, వేయకపోతే ఎంతవుతుందో కూడా లెక్క కట్టాలి. లాస్ ఓసోస్‌వారు ఆ రెండు లెక్కలూ చెల్లించారు.