ఈ చిన్న డాక్టరుగారికి చదువు అయిపోయిందా?

వార్డులో డ్యూటీ మారినప్పుడల్లా ఈ ప్రశ్న వినిపిస్తుంది. "సిస్టరమ్మా, ఈ బాబుకు చదువు అయిపోయిందా? పెద్ద డాక్టరుగారు ఎప్పుడొస్తారు?" అడగడంలో తప్పు లేదు. మనవాళ్లు మంచం మీద ఉన్నప్పుడు చెయ్యి పట్టుకుని చూసేది ఎవరో తెలుసుకోవాలి కదా. అందుకే మిషన్ ఆసుపత్రుల డాక్టర్లు, నర్సులు ఎలా తయారవుతారో కొంచెం చెబుతాము.

దీనికి మంచి ఉదాహరణ వేలూరు. ఐడా స్కడ్డర్ 1870లో రాణిపేటలో ఒక మిషనరీ డాక్టరు ఇంట పుట్టారు. ఆమె యువతిగా ఉన్నప్పుడు తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు పురుషులు, ఒకరి తరువాత ఒకరు, ప్రసవం కష్టమైన తమ భార్యలకు సహాయం చేయమని ఆమె దగ్గరకు వచ్చారు. ఆమెకు వైద్యం రాదు. తండ్రి వస్తారంటే, పరాయి మగవాడు చూడడానికి వీల్లేదన్నారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె అమెరికాలో 1899లో వైద్యం పూర్తిచేసి, 1900లో వేలూరుకు వచ్చారు. 1902కల్లా 40 పడకల ఆసుపత్రి వచ్చింది. కానీ ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలరు? బయటి దేశాల నుండి ఎంతమందిని తెచ్చినా చాలదు, ఇక్కడి ఆడపిల్లలకే నేర్పాలని ఆమె గ్రహించారు. 1909లో నర్సుల స్కూలు, 1918లో స్త్రీల వైద్య పాఠశాల మొదలయ్యాయి. ఎం.బి.బి.ఎస్. 1942లో వచ్చింది, అబ్బాయిలను 1947 నుండి చేర్చుకున్నారు.

మన గుంటూరులోనూ అవసరం ఇలాంటిదే. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల కోసం అక్కడ ఆసుపత్రి కట్టించారు.

ఇక చదువు సంగతి. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరాలు, ఆపైన ఒక సంవత్సరం హౌస్‌సర్జన్‌గా పని. అది అయ్యాకే మెడికల్ కౌన్సిల్‌లో పూర్తి రిజిస్ట్రేషన్ ఇస్తారు. వేలూరులో చాలామంది విద్యార్థులను ఒక సంఘమో మిషనో సిఫారసు చేసి పంపుతుంది. నీట్ ర్యాంకు ఎలాగూ ఉండాలి. చదువు ముగిశాక రెండేళ్లు ఆ సంఘం చూపించిన ఆసుపత్రిలో పనిచేయాలి. చాలావరకు ఇవి చిన్న ఊళ్లే. కనుక అలా వచ్చిన "బాబు" చదువు అయిపోయిన డాక్టరే.

అక్కడి విద్యార్థులను మొదట్లోనే కొన్ని వారాలు పల్లెలో ఉంచుతారు. ఇంటింటికీ వెళ్లి నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, రాబడి ఎంత అని తెలుసుకుంటారు. ఇది వైద్యమా అని మీరు నవ్వవచ్చు. "మూడు పూటలా భోజనం చేశాక మాత్ర వేసుకోండి" అని చీటీ రాస్తే, రెండు పూటలే తినే కూలీ మూడో మాత్ర ఏం చేస్తాడు? ఇది పుస్తకంలో దొరకదు.

చిన్న ఆసుపత్రిలో అసలు పరీక్ష వేరే ఉంటుంది. అర్ధరాత్రి పాము కాటు, ఆ వెంటనే ప్రసవం. స్కానింగ్ ఉండదు, రక్తనిధి దూరం. తనకు ఏది చేతనవును, ఏది కాదు అని సకాలంలో తేల్చుకోవడమే అన్నిటికంటే కష్టమైన పాఠమని మా అభిప్రాయం. "వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని డాక్టరు అంటే, చేతకాక వదిలించుకుంటున్నారని కొందరు కోపగిస్తారు. ఆ వాదనలో పోయే గంట రోగిదే.

రెండేళ్లు కాగానే చాలామంది వెళ్లిపోతారన్నదీ నిజమే. పై చదువులు ఉన్నాయి, పిల్లల బడి ఉంది. అలవాటైన డాక్టరు మారితే బాధే. కాబట్టి మీ పాత చీటీలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం అన్నీ ఒకే సంచిలో దాచి ప్రతిసారీ తీసుకురండి. మందు పడకపోయిన సంగతి ఉంటే కొత్త డాక్టరుగారు అడిగేవరకు ఆగకుండా మీరే ముందు చెప్పండి. పేరు, చదువు, పై డాక్టరు ఎవరు అని అడగండి, మొహమాటపడవద్దు. రాత్రివేళ అయితే డ్యూటీ సిస్టరును అడిగినా చెబుతారు.